అడుగు దిగిన కిటికీ

బుధవారం, రాత్రి

అమ్మగారు కబురు పెడితే ఈరోజు రేపల్లెలో చెరువు పక్కనున్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆమే, ఆమె భర్త సారూ కలిసి ఇళ్ళకు ప్లాన్లు గీసేవాళ్ళు. తాము ఉండే ఇల్లూ, గీసుకునే గదీ కూడా వాళ్ళే గీసుకున్నారు. గోడలు నేను కట్టాను. సార్ పోయారు. ఇప్పుడు ఆ ఇంటిని కాపాడాల్సిన పాత కట్టడమని, మొదటి ప్లాను ప్రకారం బాగుచేయిస్తున్నారు.

ఆ పని చూసే ఇంజనీరు గారు ప్లాను చూసి, గీసే గది కిటికీ ఒక అడుగు కిందికి ఉంది, ఎత్తి పెట్టాలన్నారు. అప్పట్లో గది లోపల ఇసుక నింపకముందే నేను కిటికీ ఎత్తుకు టేపు పట్టాను. ఇసుక పోసి గచ్చు వేసేసరికి నేల అడుగు లేచి, కిటికీ కిందికైపోయింది. సార్ నన్ను తిట్టకుండా కుర్చీలు తీయించి చాపలు వేయించారు. తప్పు నాదని నేను చెప్పలేదు.

"ఒకసారి కింద కూర్చోండి బాబూ," అన్నాను ఇంజనీరు గారితో.

ఆయన ప్యాంటు చూసుకుంటూనే కూర్చున్నారు. కిటికీలోంచి చెరువు సరిగ్గా ఆయన కళ్ళ ముందుకొచ్చింది.

"బాగుందే. ఈ ఆలోచన ఎవరిదండి?"

"ఆలోచన కాదండి. నేను కొలత తప్పాను," అనేశాను.

అమ్మగారు నవ్వారు. "గచ్చు వేసిన రోజే మా ఇద్దరికీ తెలుసు మేస్త్రీ. నీ నోటితో చెప్తావనే పిలిపించాను. బాగానే టైం తీసుకున్నావు."

కిటికీ కదపరట. ఇంజనీరు గారు కొత్త ప్లానులో నా కొలతే రాసుకున్నారు. నా ఎదుటే రాశారు.

సార్ ఉండగానే చెప్పి ఉంటే...