మీ తమ్ముడు హామిల్టన్‌కు వచ్చారు

గారెత్ అంకుల్,

మీరు పోయి నేటికి ఏడాది. ఎలాగూ చదవరు కదా అని మీకు రాని తెలుగులోనే రాస్తున్నాను.

నిన్న మీ తమ్ముడు ఎమ్రిస్ వేల్స్ నుంచి మన ఊరు హామిల్టన్‌కు వచ్చి, మీ ఇంటికి తాళం చూసి, పక్కనున్న మా తలుపు తట్టి, మీ సమాధి ఎక్కడని అడిగారు. మీరిద్దరూ ఒకే బొగ్గు గనిలో పనిచేశారని, ఆయన కార్మికుల పార్టీ వదిలి వేల్స్ జాతీయవాదుల్లో చేరాక మీరు మాటలు మానేశారని మన ఇళ్ల మధ్య కంచె దగ్గర మీరే ఎన్నోసార్లు చెప్పారు. ఆకలికి దేశం లేదనేవారు. మా ఇంట్లోనూ అదే కథ. ఎర్రజెండా పట్టిన మా నాన్న, ప్రత్యేక తెలంగాణ అన్నందుకు మా చిన్నాన్నతో ఇప్పటికీ మాట్లాడడు.

ఎమ్రిస్‌ గారిని మీ సమాధి దగ్గరికి కారులో తీసుకెళ్లాను.

"మా ఊళ్లో ఈసారి గారెత్ పార్టీ ఓడిపోయింది. మేం గెలిచాం. వాడికి చెబుదామని వచ్చాను" అన్నారు దారిలో.

సమాధి ముందు టోపీ తీసి, వెల్ష్‌లో చాలాసేపు మాట్లాడారు. తిరిగొస్తూ ఏం చెప్పారని అడిగాను.

"అమ్మ గురించి, గని గురించి. ఎన్నికల మాట నోటికి రాలేదు" అన్నారు.

ఆయనను హోటల్ దగ్గర దింపి, కారులోంచే మా నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, చిన్నాన్నతోటి ఒక్కసారి మాట్లాడరాదా."



"వాని నంబర్ నా దగ్గర లేదు బిడ్డా" అన్నాడు.

నంబర్ పంపాను, అంకుల్. ఫోన్ చేశాడో లేదో ఇంకా తెలియదు.

మీ పక్కింటి,
శ్రీనివాస్