నడుము పట్టీలో అరంగుళం

ఏవండీ,

వంట చేసి మూత పెట్టాను, వేడి చేసుకుని తినండి. నీళ్ల మోటారు ఆపడం మరిచిపోకండి. మీరు గుండీల డబ్బాలో దాచిన నా హార్మోను మాత్రలు మళ్లీ అద్దం దగ్గరే పెట్టాను. ఇంకోసారి ముట్టుకోకండి.

ఆ మాత్రలతోనే నేను లావయ్యానని వీధంతా టాంటాం వేస్తున్నారు కదా. పొద్దున నా డ్రైవరు యూనిఫాం కోసం మీ కుట్టు బల్ల వెతికితే కొలతల పుస్తకం దొరికింది. నాకు తెలీకుండా నా ప్యాంటు నడుము నాలుగుసార్లు వదులు చేశారట! అందులో మూడు, నేను మాత్రలు మొదలుపెట్టక ముందే. తేదీలు మీ చేతిరాతే. ప్రతిదాని పక్కనా "తనకి చెప్పొద్దు" అని కూడా రాసుకున్నారు.

డాక్టరమ్మ మొన్నే చెప్పింది. "నెలసరి ఆగే వయసులో కండ తగ్గుతుందమ్మా, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. ఈ మాత్రలు వేడి ఆవిర్లు తగ్గడానికి, నిద్ర పట్టడానికి. వీటివల్ల లావెక్కరు, చిక్కిపోరు కూడా." నేనేమో, "నా ప్యాంటు రెండేళ్లుగా సరిగ్గా సరిపోతోంది, మీ తూకం మిషనే తప్పు" అని ఆవిడతో గట్టిగా వాదించి వచ్చాను. నా పరువు తీశారు.

సరే, బస్సు తీసే టైమైంది. నడుము ఇంకో అరంగుళం వదులు చేయండి. ఈసారి నాకు చెప్పి చేయండి.

అన్నట్టు, మీ ప్యాంటు గుండీ నేను రెండుసార్లు జరిపి కుట్టాను. ఇంత పెద్ద టైలరు, కనిపెట్టనే లేదు. తమరు ఏ మాత్రలు వాడుతున్నారో?