గిరిజమ్మ ఆస్తి పంపకం, చక్రాల బ్యాగుతో సహా

జహీరాబాద్ నివాసిని, కీర్తిశేషులు మహాదేవప్ప భార్యను, గిరిజమ్మ అనే నేను, స్వబుద్ధితో వ్రాయించిన వీలునామా. నా మతి స్థిమితంగా ఉన్నదని డాక్టరుగారు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. నా కొడుకు నాగరాజ్, మాజీ కోడలు సుష్మ కోర్టులో కొట్లాడుకోవడం చూశాక, మా ఇంట్లో ఎవరి మతి ఎట్లా ఉన్నదో ముందే రుజువు చేసుకోవడం మంచిదనిపించింది. దీని వెనుక ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టడం మహాదేవప్ప వల్లే కాలేదు.

ఈ వీలునామా ఎందుకు వచ్చిందో ముందు చెబుతాను. విడాకులప్పుడు వీళ్ళిద్దరూ ఫ్రిజ్ కోసం, బీరువా కోసం పట్టుబట్టారు. చివరికి మిక్సీ ఆమెకు, దాని జార్లు ఇతనికి పోయాయి. ఇప్పుడు రెండు ఇళ్ళలోనూ చట్నీ లేదు. నా మనవరాలు సహస్ర సంగతి వచ్చేసరికి మాత్రం ఇద్దరికీ ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చింది. పిల్ల తల్లి దగ్గరుంటేనే మంచిదని అతను, తండ్రి ఇంటికి బడి దగ్గరని ఆమె. ఆఖరికి జడ్జిగారే వారమంతా తల్లి దగ్గర, శని ఆదివారాలు తండ్రి దగ్గర అని పంచారు.

పోయిన ఎల్లమాస అమావాస్య పండుగకు ఝరాసంగంలో నా అల్లం చేనుకు అందరం పోయాం. ఆ రోజు కూరగాయలన్నీ కలిపి వండిన భజ్జి, జొన్నరొట్టెలు చేనులోనే తినాలి, మనతో మాటలు మానేసిన వాళ్ళను కూడా పిలవాలి, అది మా ఆచారం. అందుకని సుష్మను కూడా పిలిచాను. చేను చుట్టూ తిరుగుతూ నైవేద్యం చల్లేటప్పుడు మనసులో మాట భూమికి వినబడేటట్టు అనాలని మా అత్తగారు నేర్పింది. నేను గట్టిగా అన్నాను: "ఈ చేను మా సహస్రదే, ఇంకెవ్వలది గాదు." భూమి విన్నదో లేదో తెలియదు. గట్టు మీద భజ్జి తింటున్న ఇద్దరూ విన్నారు.

వారం తిరగకముందే ఇద్దరూ ఎవరికి వారు పిటిషన్లు వేశారు. పిల్ల పూర్తిగా తమకే కావాలట, పిల్ల ఆస్తి సంరక్షణ కూడా తమకే కావాలట. రెండింట్లోనూ నా సర్వే నంబరు తప్పు లేకుండా ఉంది. సహస్ర పుట్టినరోజు మాత్రం నాగరాజ్ పిటిషన్‌లో తప్పు పడింది. కనుక:

1. బోరుతో సహా నా స్వార్జితమైన అల్లం చేను సహస్రకు చెందుతుంది. ఆమెకు ఇరవై అయిదేళ్ళు నిండేవరకు నా చెల్లెలి కూతురు పూజిత దాన్ని చూసుకుంటుంది. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. పూజిత ఎరువుల దుకాణం నడుపుతుంది, ఎవరి ఏడుపుకూ కరగదు. పిల్ల బడి, దవాఖాన ఖర్చులు ఆమె నేరుగా కట్టాలి. పిల్ల ఎవరి ఇంట్లో పెరిగినా, ఆ ఇంటివాళ్ళకు ఈ చేనులో అల్లం ముక్క మీద కూడా హక్కు లేదు. చాయ్‌లోకి కావాలంటే అంగడిలో కొనుక్కోవాలి.

2. జహీరాబాద్ ఇల్లు నాగరాజ్‌కు, తూర్పు గది తప్ప. ఆ గది సహస్రది. అందులో ఆమె బట్టలు, దువ్వెన, బ్రష్షు, రంగు పెన్సిళ్ళు ఎప్పుడూ ఉండాలి. పిల్లను చూడడానికి సుష్మ ఎప్పుడు వచ్చినా నాగరాజ్ తలుపు తీసి చాయ్ ఇవ్వాలి. మొహం మామూలుగా పెట్టుకొని ఇవ్వాలి.

3. నా ఇనుప రొట్టెపెనం సుష్మకు. నా మాటలు సూదుల్లా ఉంటాయని ఆమె కోర్టులో చెప్పింది. ఉంటాయి. కానీ జొన్నరొట్టె చేత్తో కొట్టడం నా దగ్గర నేర్చుకున్నది ఆమె ఒక్కతే. నా కొడుకును వదిలేసింది గాని ఆ విద్యను వదల్లేదు.

4. సహస్ర చక్రాల బ్యాగు గురించి. తల్లిదండ్రులు ఒకరి గడప ఒకరు తొక్కరు కనుక, ప్రతి శనివారం బస్టాండు దగ్గరి టిఫిన్ సెంటర్‌లో పిల్లనూ బ్యాగునూ కలిపి అప్పజెబుతారు. ఒకసారి నా దగ్గర పడుకున్నప్పుడు ఆ బ్యాగు విప్పనే లేదు. ఎందుకే అంటే, "మల్ల రేపు సదురాలె గద అవ్వా, తియ్యకుంటేనే మంచిగ" అన్నది. ఏడేళ్ళ పిల్ల. ఆ బ్యాగు ఎవరికి ఇవ్వాలో ఇంకా తేల్చుకోలేదు.

దీని నకళ్ళు ఇద్దరికీ రేపే పంపుతున్నాను. నేను పోయేదాకా ఆగితే, చేను కోసం పిల్లను గెలుచుకున్నవాళ్ళు, అది తమ చేతికి రాదని అప్పుడు తెలిసి ఆమెను ఏం చేస్తారోనని నా భయం.

జహీరాబాద్, 17 ఫిబ్రవరి 2025
(సంతకం) గిరిజమ్మ
సాక్షులు: మాణిక్, మనోరమ. ఇద్దరూ పొరుగువాళ్ళు. వీళ్ళకు నేను ఏమీ ఇవ్వడం లేదు, అందుకే పిలిచాను.

అనుబంధం

నకళ్ళు అందాయి. నాగరాజ్ పిటిషన్ వెనక్కి తీసుకున్నాడు. "షిఫ్టులు మారుతున్నయమ్మా, పిల్లను చూసుడు నాతోని గాదు" అన్నాడు. నా కడుపున పుట్టినవాడు. నాకు సిగ్గుగా ఉంది, బాధగానూ ఉంది. అయినా ఇల్లు వాడికే ఉంచుతున్నాను, తూర్పు గది షరతుతో.

సుష్మ పిటిషన్ వెనక్కి తీసుకోలేదు. అందులో ఆస్తి సంరక్షణ అన్న పేరా కొట్టేయించి, పిల్ల ఒక్కటి చాలని మళ్ళీ దాఖలు చేసింది. కోర్టు పిల్లను ఆమెకే ఇచ్చింది. నాగరాజ్ ఆదివారం పోయి చూసి రావచ్చు. కాబట్టి మూడో అంశాన్ని రద్దు చేస్తున్నాను. పెనం కోసం నేను చచ్చేదాకా ఆమె ఆగనక్కర్లేదు. నిన్న నేనే ఆటోలో తీసుకుపోయి ఇచ్చాను. "కూసో అత్తమ్మా, రొట్టె తిని పోదువు" అన్నది. తిన్నాను. అంచులు కొంచెం మందం, ఆ సంగతి అక్కడే చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు సహస్ర చక్రాల బ్యాగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకు ఇగ అవుసరం లేదవ్వా, నువ్వు పెట్టుకో" అన్నది. లోపల ఏమీ లేదు.

కనుక నాలుగో అంశం ఇట్లా పూర్తి చేస్తున్నాను. మా ఆచారం ప్రకారం నన్ను కూర్చోబెట్టి సమాధి చేస్తారు. అప్పుడు ఆ బ్యాగు నా పక్కన పెట్టాలి. బస్టాండులో కూర్చున్నట్టుందని సమాధి చేయించే జంగమయ్య అభ్యంతరం చెబితే చెప్పనివ్వండి. అది మళ్ళీ ఆ పిల్ల చేతికి రాకూడదు.

జహీరాబాద్, 24 సెప్టెంబర్ 2025
(సంతకం) గిరిజమ్మ
సాక్షులు: మాణిక్, మనోరమ