తలకు పోసుకొని రండి

యాడికి,
2-4-1958

పామిడిలో ఉండే బావ తిప్పన్నకు యాడికి పాపన్న రాయించేదేమంటే, ఈడ మేమంతా బాగుండాము. వాన ఒక్కటే బాగలేదు. ఆడ నువ్వూ, మీ ఇంటామె ఆంజినమ్మా, కాబోయే అల్లుడు ఆదెన్నా బాగుండారని తలుస్తాండా.

మా బిడ్డ చిన్నక్కకూ మీ ఆదెన్నకూ మే నెల ఎనిమిదో తేదీ పెండ్లి పెట్టుకొంటిమి కదా. పందిరికి ఆకు కొట్టించినాను. పెండ్లికుండలు కుమ్మరి శివప్ప చేస్తాండాడు. మేళం వాళ్లకు ఆకూవక్కా ఇచ్చి వస్తిని. అంతా సిద్ధమే.

ఒక్క మనవి ఉండాది. తప్పుగా అనుకోవద్దు బావా. మీ తరపున ఎంతమంది వచ్చినా మాకు సంతోషమే. కానీ అందరూ మీ ఇండ్లకాడనే తలకు పోసుకొని రండి. పెండ్లికొడుకును రవ్వంత ఎక్కువగానే రుద్ది తేండి.

ఇట్లు, మీ మంచి కోరే బామ్మర్ది,
పాపన్న, వేలిముద్ర.

తా.క.: పంచెలూ చీరలూ గూడా ఆడనే ఉతుక్కొని రండి. ఈడ ఆ పని పెట్టుకోవద్దు.

---

పామిడి,
8-4-1958

యాడికి పాపన్నకు పామిడి తిప్పన్న రాయించేదేమంటే, నీ జాబు చేరింది. చేరకున్నా బాగుండు.

ఏమప్పా, మేము తలకు పోసుకోని జనమనుకొంటివా? మా ఇంటికీ పెన్నేటికీ నడుమ నాలుగు చింతచెట్లు ఉండాయి, అంతే. ఇంత ఎండలోనూ ఇసుకలో మూరెడు తవ్వితే చెలమ ఊరతాది. మా ఎద్దులు గూడా దినామూ కడిగించుకొంటాయి. మావాణ్ణి రుద్ది తేవల్లనా? వాడేమన్నా మసిబట్టిన కుండనా? నీ జాబు విన్నంక మా ఆంజినమ్మ ఇంట్లో అందరి చెవుల వెనకాలా చూసింది. డెబ్బై ఏండ్ల మా చిన్నాయనను గూడా వదల్లేదు. ఆయప్ప అలిగి రెండుపూటలు సంగటి ముట్టలేదు.

మొగపెండ్లివాళ్లకు స్నానాలు ఆడపెండ్లివాళ్లే చేయించల్ల. నాలుగు మూలలా నాలుగు కుండలు పెట్టి, దారం చుట్టి, నడుమ పెండ్లికొడుకును కూర్చోబెట్టి కడవలతో పొయ్యల్ల. అది మా మర్యాద. మేము దోవలో దుమ్ము ఎంతుంటే అంత పూసుకొని వస్తాము.

ఇట్లు, కడుపు మండిన
తిప్పన్న.

తా.క.: ఈ జాబు రాసింది నేను, ఆదెన్నను, అంటే పెండ్లికొడుకును. మా నాయనకు చదువు రాదు. ఆయప్ప చెప్పింది దీనికి రెండింతలుండాది, తిట్లన్నీ వదిలిపెట్టినా. మీ ఇంట్లో రాసేవాళ్లు ఎవరో గానీ, మీరూ రవ్వంత వదిలిపెట్టొచ్చు కదా. నేను దినామూ స్నానం చేస్తాను.

---

యాడికి,
13-4-1958

బావ తిప్పన్నకు పాపన్న రాయించేది. ఇంకా బావా అనే అంటాండా, చూడు.

నేను మంచికి చెప్తే నువ్వు మంటకు తీసుకొంటివి. చెవులు చూడమని నేనేమన్నా రాయిస్తినా? కడవలతో పోసే స్నానాలు మా ఊర్లో ఎప్పుడో పోయినాయి. ఇప్పుడు మామిడాకుతో నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలు. అనంతపురంలో చదువుకొన్నోళ్లంతా అట్లనే చేస్తాండారంట. అల్లుని కాళ్లు కడిగేది మాత్రం నేను ఎవరేమన్నా విడవను. ఒక చెంబుతో కడుగుతాను. చిన్న చెంబు.

ఇట్లు, ఏ పాపమూ ఎరగని
పాపన్న, వేలిముద్ర.

తా.క.: చదివేవాళ్లకు ఒక మాట. రాసేది నేను, చిన్నక్కను. మా నాయన పొద్దు గూకితే భజనకు పోతాడు. ఆయప్ప పోయినంక ఈ ముక్క చేరుస్తాండా, దీన్ని మీ నాయనకు వినిపించొద్దు. మా బావి ఎండి నెల దాటింది. నాయన దినామూ రెండు క్రోసులు బండి తోలుకొనిపోయి నాలుగు కడవలు తెస్తాడు. ఆ మాట మీకు చెప్పేదానికి ఆయప్పకు నోరు రాదు. నీళ్లులేని కొంప అని సంబంధం తప్పిస్తారేమోనని భయం.

మీరు నన్ను చూసేదానికి వచ్చిన దినం చెంబెడు నీళ్లిస్తే, సగం తాగి సగం మా దూడకు పెట్టినారు. నీళ్ల బాధ తెలిసిన మనిషి, చేసుకొంటే ఈయప్పనే చేసుకోవల్ల అని ఆ దినమే అనుకొన్నా. మీరు రుద్దుకోకుండా వచ్చినా నాకు సరే.

---

పామిడి,
18-4-1958

పాపన్నకు తిప్పన్న రాయించేదేమంటే, చిలకరించేదానికి మావాడేమన్నా తమలపాకుల కట్టనా?

మూడోదినం వసంతాలాట ఉండాది, అది మతికుండాదా? పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు బానలకు బానలు కావల్ల. మా చిన్నాయన పెండ్లిలో ఒక బాన తక్కువైందని నలభై ఏండ్లయినా ఇప్పటికీ ఆడిపోసుకొంటాండారు. ఒకటే మాట. కడవల స్నానమూ, వసంతాలూ రెండూ ఉంటేనే మా బండ్లు కదుల్తాయి. లేదంటే పెండ్లి లేదు. గుత్తిలో ఇంకో సంబంధం కాచుకొని ఉండాది.

ఇట్లు, మాట తప్పని
తిప్పన్న.

తా.క.: రాసేవాళ్లకు. గుత్తిలో సంబంధమూ లేదు, ఏమీ లేదు. ఉన్నా నేను పోను. ఆ దినం సగం నీళ్లు దూడకు పెట్టింది జాలితో కాదు. మీరు తలుపుసందులోనుంచి చూస్తాంటే నా గొంతులో దిగలేదు. అయినా మీరు అనుకొన్నట్లే అనుకోండి, నాకు బాగుండాది.

బావి సంగతి మా నాయనకు చెప్తే నిజంగానే తప్పించుకొంటాడు. ఆయప్ప ఎవరు బతిమాలినా కరగడు. నీ చేత కాదులే అంటే మాత్రం కొండనైనా ఎత్తుకొస్తాడు. ఏమన్నా చెయ్యండి, దినాలు లేవు, బిన్నా చెయ్యండి.

---

యాడికి,
22-4-1958

బావ తిప్పన్నకు పాపన్న రాయించేదేమంటే, పెండ్లి లేదంటివే, ఆ మాట ఎంత సులభంగా అంటివప్పా! నాకుండేది ఒక్క బిడ్డ. మూడు దినాలనుంచి నాకు కూడు దిగలేదు.

ఇంకొకటి, ముందే చెప్పేది మరిచినాను. మా వంశంలో తాతలనాటి ఆచారం ఒకటి ఉండాది. మొగపెండ్లివాళ్లు తమ ఊరి ఏటినీళ్లు బండ్లకెత్తుకొని రావల్ల. స్నానాలూ వసంతాలూ అన్నీ ఆ నీళ్లతోనే. అవి రానిదే మా ఆడపిల్ల పీటమీద కూర్చోదు. మా పెద్దక్కను చేసుకొన్నోళ్లు ఆరు బండ్లు తెచ్చినారు. మీకు కష్టమైతే ఒక్క బండి తేండి, చాలు. అందరికీ అంత శక్తి ఉండదు కదా.

ఇట్లు, ఎదురుచూసే
పాపన్న, వేలిముద్ర.

తా.క.: చదివేవాళ్లకు. 'ఇంకొకటి' అనే కాడినుంచి కిందంతా నేను కట్టింది. మా వంశంలో అట్లాంటి ఆచారమే లేదు. మా పెద్దత్తను చేసుకొన్నోళ్లు తెచ్చింది ఒక గాడిదను, అదీ కుంటిది. 'ఒక్క బండి' అనే కాడ రవ్వంత సాగదీసి చదవండి. మా నాయనకు మాత్రం ఇది మీ పామిడి ఆచారమని, కాదంటే మీకు కోపమొస్తుందని చెప్తాను. నాయన భజననుంచి వచ్చే పొద్దయింది, బిరాన రాస్తాండా. అక్షరాలు సరిగా రాకుంటే అందుకే.

---

పామిడి,
27-4-1958

బామ్మర్ది పాపన్నకు బావ తిప్పన్న రాయించేదేమంటే, ఒక్క బండి అంటివా? నన్ను? తిప్పన్న ఒక్క బండి తోలుకొని వస్తే పామిడిలో కుక్కలు గూడా నవ్వుతాయి. పది బండ్లు! బండికి రెండు పీపాలు! ఇసుకలో చెలమలు తవ్వను మనుషులను పెట్టినాను. మీ అక్కను చేసుకొన్నోళ్లను గూడా పెండ్లికి పిలిపించు, వాళ్లూ చూడల్ల.

నీ ఆచారం శానా మంచిదప్పా. మొదటి జాబులోనే చెప్పింటే ఇంత గలాటా ఉండేదా?

ఇట్లు, నీ బావ,
తిప్పన్న.

తా.క.: రాసేవాళ్లకు. ఒక్క బండి అనే మాట మూడుమార్లు చదివించుకొన్నాడు. మూడోమారుకు పైపంచె నడుముకు చుట్టి పారలు వెతికినాడు. మీ తెలివికి దండం.

ఇప్పుడు నా భయం ఒకటే. మా నాయన దీన్ని మీ ఆచారం అనుకొంటాండాడు. మీ నాయన మా ఆచారం అనుకొంటాండాడు. పందిట్లో ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకొంటే మన పెండ్లి ఆడనే నిలిచిపోతాది. మేళం వాళ్లకు చెప్పి పెట్టండి, వాళ్లిద్దరూ దగ్గరికొస్తే గట్టిగా వాయించమని.

---

యాడికి,
21-5-1958

అమ్మా చిన్నక్కా, అల్లుడు ఆదెన్నా,

ఈ జాబు నేనే రాస్తాండా, నా సొంత చేత్తో. వంకరగా ఉంటే నవ్వుకోండి.

భజనకని చెప్పి నేను పోయింది రాత్రిబడికమ్మా. ఉగాదికి ముందునుంచే పోతాండా. యాభై ఏండ్లోడు పలక పట్టినాడంటే ఊరు నవ్వుతాదని చెప్పలేదు. నీ జాబులకు మెతుకు పూసి అంటించి డబ్బాలో వేసేది నేనే కదా. అంటించకముందు చేనిగట్టున కూర్చొని కూడబలుక్కొని చదువుకొంటాంటి. వచ్చినవి చూరులో దోపుతాంటివే, అవీ చదివినా. కొసన మీరు రాసేవి చిన్నచిన్న అక్షరాలు, ఒక్కోటి నాకు రెండు పూటలు పట్టేది. బావి ఎండిందని నువ్వు రాసింది చదివినప్పుడు ఏడ్చినాను. నేను చెప్పలేని మాట నా బిడ్డ చెప్పిందని సిగ్గయింది. లేని ఆచారం నా పేరుతో రాసింటే గమ్మున ఇంకో రెండు మెతుకులు ఎక్కువ పూసి అంటించినా, దోవలో ఊడిపోకూడదని. నువ్వు 'ఇది పామిడి ఆచారమంట నాయనా' అంటే, 'అట్లనా' అంటిని.

పందిట్లో మా బావ నా దగ్గరికొచ్చి నోరు తెరిస్తే చాలు, మేళం వాళ్లు చెవులు పగిలేటట్లు వాయించినారు. నాలుగుమార్లు. ఐదోమారుకు డోలు కొట్టేవాడు బీడీ తాగను పోయినాడు. అప్పుడు కదా బావ అడిగింది, 'మీ ఆచారం శానా బరువప్పా, ఎవరు పెట్టినారు?' అని. మీ ఇద్దరి మొగాలు చూసినా. పసుపు పూసినా తెల్లబోయినాయి. 'మా ముత్తాత పెట్టినాడు బావా' అంటిని. ఆ మాట నాకెట్ల వచ్చిందా అని చిన్నక్కా, నువ్వు అత్తగారింటికి పోయేదాకా నన్నే చూస్తాంటివి. ఇదీ సంగతి.

పది బండ్లలో పీపాలు కారినంత కారి, ఎద్దులు తాగినంత తాగి, ఏడు బండ్ల నీళ్లు చేరినాయి. వసంతాలలో బావ ఎర్రనీళ్ల బాన నా నెత్తిన బోర్లించినప్పుడు నేను అరిచింది కోపంతో కాదు, ఆ చల్లదనానికి. అల్లుని కాళ్లు పెద్ద చెంబుతోనే కడిగినా కదా?

ఈ జాబు మీ నాయనకు వినిపించేటప్పుడు యాడ వదిలిపెట్టల్లనో నీకు నేను చెప్పల్లనా, ఆదెన్నా?

ఇట్లు, మీ నాయన,
పాపన్న, సంతకం.

తా.క.: నిన్న మన పక్కింటి ఆంజినప్ప కూతురికి సంబంధం చూసేదానికి వచ్చినారు. కూర్చోకముందే ఆంజినప్ప అడిగినాడు, 'నీళ్లు ఎన్ని బండ్లు తెస్తారు? ఇది మా యాడికిలో తాతలనాటి ఆచారం' అని. వాళ్లు నమ్మలేదు. అరుగుమీద ఉన్న చౌడమ్మవ్వను అడిగినారు. తొంభై ఏండ్ల ముసల్ది, తడుముకోకుండా చెప్పింది, 'నా పెండ్లికి పన్నెండు బండ్లు వచ్చినాయి నాయనా' అని.