ఉతకని అంగీ

చింతామణి పక్కన మన ఊరి నుంచి,
ఈస్టర్ వెళ్ళిన రెండో వారం.

క్రీస్తునాథుని ప్రేమలో నా బిడ్డ జసింతకు అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. ఆ ఒడిశా ఎండల్లో నువ్వు ఎలా ఉన్నావోనన్నదే బెంగ. ఫోనులో అడుగుదామంటే మీ కాన్వెంటు మదర్ పక్కనే కూర్చుని వింటుంది. అందుకే ఈ కాగితం.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. నొప్పి ఉంది, అయినా పూజలో మోకరిల్లడం మానలేదు. టమోటా కాపు బాగానే వచ్చింది, మార్కెట్టులో అడిగేవాడే లేడు. పక్కింటి హనుమక్క నీకోసం ఊరగాయ పెట్టింది, ఎవరితో పంపాలో తెలియడం లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటున్నారమ్మా, ఏం చేయమంటావు అని అడిగావే, దానికి చివర్లో జవాబు రాస్తాను. తొందరపడి చెప్పే మాట కాదు.

మీ నాయన గుడికి పోతున్నాడా అని అడిగావు. పోవడం లేదు. ఇంట్లో జపమాల మాత్రం నాకన్నా గట్టిగా చెబుతాడు. ఆ చెప్పడం ప్రార్థనలా ఉండదు, దేవుడితో తగువులా ఉంటుంది.

నేను పోతున్నాను. పీఠం గుడ్డలు ఇప్పటికీ నేనే ఉతుకుతున్నాను. మా అమ్మ నేర్పినట్టే, పూజ పాత్ర తుడిచిన గుడ్డను ముందు విడిగా జాడించి, ఆ తొలి నీళ్ళు కాలువలోకి పోకుండా కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తాను. సత్ప్రసాదపు అప్పం నలుసు ఒక్కటున్నా అది ప్రభువే కదా. మొన్న మీ నాయన చూసి అరిచాడు.

“ఇంకా ఆళ్ళ గుడ్డలు ఉతుకుతాండావా? సిగ్గు ల్యా నీకు?”

“ఇవి ఆళ్ళవి కాదప్పా, సామివి.”

బకెట్ నా చేతిలోంచి తీసుకుని, చెట్టుకు ఆయనే పోశాడు.

నాకు ఒకటే మింగుడు పడదు జసింతా. నువ్వు పనిచేసిన బాగేపల్లి బోర్డింగులో ఆ పిల్ల, ఫాదర్ తనను ఒంటరిగా గదికి పిలిపిస్తున్నాడని నీతో చెప్పి ఏడ్చింది. నువ్వు పైవాళ్ళకు చెప్పావు. పిల్లకు టీసీ ఇచ్చి ఇంటికి పంపారు, నిన్ను ఒడిశాకు తోలారు. ఆయన్ను మాత్రం మన ఊరి గుడికే విచారణ గురువుగా తెచ్చి డప్పులతో ఊరేగించారు. ఈస్టర్‌కు బిషప్ గారి సందేశం చదివారు. అంతా మంచి కాపరి గురించే.

పండుగకు ముందు ఆయన తెల్ల అంగీ కూడా పీఠం గుడ్డల మూటలో ఉతకడానికి వచ్చింది. నీళ్ళలో ముంచబుద్ధి కాలేదు. పీఠం గుడ్డలకు గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. అంగీని మాత్రం మెడ దగ్గరి మురికితోనే మడిచి పంపేశాను. పండుగ పూజకు అదే వేసుకుని వచ్చాడు. చెయ్యి ఆయనదే ఐనా అప్పం ప్రభువుది అనుకుని, కళ్ళు మూసుకుని నోరు తెరిచాను. పూజ అయ్యాక అందరిముందూ పిలిచాడు.

“ఏమ్మా, అంగీ ఉతకలేదే?”

“లేదు ఫాదర్. మీది మీరే ఉతుక్కోండి.”

ఇక నీకు చెప్పకుండా దాచిన మాట. పోయిన వారం బిషప్ గారి దగ్గరినుంచి ఒక పెద్ద ఫాదర్ మన ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి మెల్లగా అన్నాడు.

“సిస్టర్ పొరబాటు పడినానని ఒక్క మాట చెప్పేస్తే చాలమ్మా. చిక్కబళ్ళాపురం కాన్వెంటుకే తెప్పిస్తాము. మీరు ఆదివారమాదివారం పోయి చూసుకోవచ్చు.”

నా మనసు నీవైపు గుంజింది తల్లీ. ఒప్పేసుకుని వచ్చేయమని నీకు రాశాను. కవరు అంటించి, పోస్టు చేయడానికి చింతామణికి పోయాను. టమోటా మార్కెట్టులో పుచ్చిన టమోటాలు ఏరుతూ ఆ పిల్ల కనిపించింది. బడి మానేసి వాళ్ళమ్మతో కూలికి వస్తోందట. నిన్ను చూడను బోర్డింగుకు వచ్చేదాన్ని కదా, నన్ను గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చింది.

“అవ్వా, జసింతక్క బాగుండాదా? నేను చెప్పింది అబద్ధమని ఆయక్క కూడా అనేసిందంట. నిజమేనా అవ్వా?”

కవరు నా సంచిలోనే ఉంది. ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తూ నిలబడింది.

“లేదమ్మా. అట్ల ఎప్పటికీ అనదు” అన్నాను.

కవరు అక్కడే చింపేశాను. నీ ప్రశ్నకు నా జవాబు అదే. నిన్ను చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఆ మాట చెప్పి మాత్రం నా ఇంటికి రావద్దు.

ఇట్లు,
నిన్ను దేవుడికి ఇచ్చిన, వాళ్ళకు ఇవ్వని
మీ అమ్మ,
ఇన్నాసమ్మ