ఎట్నా కొండ మీద పొలం

సన్నీవేల్, మార్చి 3

బాబాయికి దేదీప్య నమస్కారాలు.

మీకు ఎప్పుడు ఫోన్ చేసినా సైలెంట్‌లోనే ఉంటోంది, అందుకే కాగితం పట్టాను. సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందు మీరు అగ్రికల్చర్ బీయస్సీ చేశారుగా. ఇటలీలో ఎట్నా అనే అగ్నిపర్వతం మీద వైన్ ద్రాక్ష ఎలా పండుతుందో చెప్పండి. ఇరవయ్యో తేదీలోగా నేర్చుకోకపోతే నా పని అయిపోయినట్టే!

మీ దేదీప్య

తా.క. నాన్నకు చెప్పకండి, కంగారుపడతారు.

అల్ఫారెట్టా, మార్చి 7

చిరంజీవి దేదీప్యకు బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ఉద్యోగం పోయిందా తల్లీ? ఉద్యోగం లేకపోతే హెచ్‌వన్‌బీ వీసాకి అరవై రోజులే గడువు, ఇప్పుడు వ్యవసాయమా? అదీ పొగలు కక్కే కొండ మీద! నేల మంచిదే, కాదనను. నల్లటి బూడిద, లావా రాయి. నీళ్లు నిలవవు, వేళ్లు లోతుకు దిగుతాయి. వేళ్లు తినే పురుగు ఆ ఇసుకలో బతకలేదు, అందుకే వందేళ్ల తీగలు ఇంకా కాస్తున్నాయి. అయినా వద్దమ్మా.

మల్లికార్జున బాబాయి

తా.క. లావా వచ్చి హద్దురాళ్లు కప్పేస్తే సర్వేయరు ఎక్కణ్నుంచి కొలుస్తాడు?

సన్నీవేల్, మార్చి 11

బాబాయ్, నమస్కారం.

నేను పొలం కొనలేదు! మా క్లయింట్ ఎట్నా వైన్ దిగుమతి చేసే కంపెనీ. ఇరవయ్యో తేదీన వాళ్లకు మా సాఫ్ట్‌వేర్ డెమో ఇచ్చేది నేనే. మీ ఉత్తరం చూసి భయమేసి మేనేజర్ రాజ్‌ని "లేఆఫ్స్ ఉన్నాయా?" అని అడిగాను. ఆయన తలుపు మూసి, "నీకేం తెలిసిందో చెప్పు!" అన్నాడు. ఇప్పుడు టీమంతా రెజ్యూమేలు దిద్దుకుంటోంది. అక్కడి వాతావరణం సంగతి కూడా రాయండి.

దేదీప్య

తా.క. అందరికంటే ముందు రెజ్యూమే పంపింది రాజే.

అల్ఫారెట్టా, మార్చి 14

దేదీప్యకు ఆశీస్సులు.

హమ్మయ్య. అక్కడ పగలు ఎండ, కొండ ఎత్తు వల్ల రాత్రి చలి. ఎండకు కాయ పండుతుంది, చలికి పులుపు నిలుస్తుంది. ఒక్కో లావా పారిన చోట ఒక్కో రకం మట్టి, అందుకే పక్కపక్క తోటలకే రుచి వేరు.

బాబాయి

తా.క. రెజ్యూమే ఒక్క పేజీ దాటకూడదు. యాభై దాటినవాళ్లు వయసు తెలియకుండా కాలేజీ ఏడాది తీసేయాలట.

సన్నీవేల్, మార్చి 21

బాబాయ్, నమస్కారం.

డెమో గట్టెక్కింది! పులుపు సంగతి చెబుతుంటే క్లయింట్ రేణు గారు పెన్ను తీసి రాసుకున్నారు.

దేదీప్య

తా.క. నాకింకా ముప్పై రాలేదు. యాభై దాటిన రెజ్యూమే ఎవరిది బాబాయ్?

అల్ఫారెట్టా, మార్చి 25

తల్లీ దేదీప్యా,

నాదే. జనవరిలో నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. రోజూ ఆఫీసుకని చెప్పి లంచ్ బాక్సు పట్టుకుని లైబ్రరీలో కూర్చుంటున్నాను. నీకోసం మట్టి పుస్తకాలు తిరగేశాక పాత ఇష్టం మళ్లీ పుట్టుకొచ్చింది. మా ఊరికి గంట దూరంలో, డలోనెగా దగ్గర ఒక ద్రాక్షతోటలో మట్టి పరీక్షలకు మనిషి కావాలంటే వెళ్లాను. అక్కడ అగ్నిపర్వతం లేదు, ఎర్రమట్టే. అయినా ఎట్నా గురించి అరగంట చెప్పాను. సోమవారం చేరుతున్నాను. మీ పిన్నికి మాత్రం ఇవేవీ ఇంకా చెప్పలేదు. నువ్వే మెల్లగా చెప్పవూ?

బాబాయి

తా.క. దేదీప్యా, నేను ఉమ పిన్నిని. పోస్ట్ చేయమని కవరు అంటించకుండా నాకే ఇచ్చారు. సంగతి నాకు జనవరిలోనే తెలుసు. ఖాళీ ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన అంత తేలిగ్గా ఊగుతుంటే తెలియదా? తనంతట తానే చెబుతారని చూస్తున్నాను, నాకు తెలుసని నువ్వు అనకు. సోమవారానికి మట్టిలో తిరిగే బూట్లు కొని కారు డిక్కీలో పెట్టాను. సైజు సరిపోయిందో లేదో ఎలా అడగాలో తోచడం లేదు.