చాప చుట్టలో రిమోట్

ఏమండీ,

కుమ్హారి చర్చిలో స్త్రీల కూడికకి వెళ్తున్నాను, సాయంత్రానికి వచ్చేస్తాను. చారు వేడి చేసుకోండి. నడుం నొప్పి మాత్ర అన్నం తిన్నాకే వేసుకోండి. తర్వాత కాసేపాగి చాప పరిచి, ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన వ్యాయామం చెయ్యండి. మాత్ర నొప్పిని తగ్గిస్తుంది గాని నడుముకి బలం ఇవ్వదని, రెండూ కావాలని డాక్టర్ గారు మీ ముందే అన్నారు.

నిన్న టీవీ రిమోట్ పోయిందని మన పిల్లాడు ఇమ్మాను మీద ఇంతెత్తున లేచారు. ఈ పొద్దున్న దొరికింది. మొన్న నేనే చూసుకోకుండా చాపతో పాటు చుట్టేశాను. మరి నిన్న "ఏటే, చేసేసినానంటే నమ్మవేటి?" అన్నారే, వ్యాయామం దేనిమీద చేశారు?

కోపం లేదు. మీరు బద్ధకస్తులు కారు. ఇన్నేళ్ళు క్రేన్ క్యాబిన్లోంచి అందరినీ కిందకి చూసిన మనిషికి, నేలమీద వెల్లకిలా పడుకుని కాళ్ళెత్తడం చిన్నతనంగా ఉంటుంది. పక్క క్వార్టర్ భాభీ కిటికీలోంచి చూస్తుందేమోనని కూడా ఉంటుంది. కానీ వచ్చే వారం డాక్టర్ గారు సరేనంటేనే మళ్ళీ క్రేన్, లేకపోతే కింద స్టోర్లో కుర్చీ. మీరు క్రేనే ఎక్కుతారు. నాకు అనుమానం లేదు.

రిమోట్ మళ్ళీ చాపలోనే పెట్టి చుట్టాను. ఇమ్మాను స్కూల్నుంచి వచ్చాక మీరే వాడి చేతికివ్వండి.

కూడికకి వెళ్ళే జీపు వచ్చేసింది, హారన్ కొడుతున్నారు.

డైసీ

సాయంత్రం నేనూ మీ పక్కన పడుకుని కాళ్ళెత్తుతాను. భాభీ నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వుతుంది.